తొమ్మిదేళ్లుగా సింగర్ 15కే కుట్టుమిషన్ మీద కుడుతున్నాను: దారం టెన్షన్ (బిగువు) గురించి చెప్పాల్సిన మాట

గుడ్డ అడుగున దారం గూడు కడుతోందంటే బాబిన్ కేస్ (కిందిదారం బాబిన్‌ను పెట్టే డబ్బీ) మార్చమని సలహా ఇచ్చేవాళ్లకు ఒక్కసారి నా కథ వినిపించాలనిపిస్తుంది. ఆ సలహా నమ్మి నాలుగు నెలలు పోగొట్టుకున్నాను.

పాత ఇనుప సామాన్ల కొట్లో మిషన్ తల ఒక్కటే దొరికింది. మా అత్తగారి కాలి స్టాండు మీద బిగించుకున్నాను. మోడల్ ఏదో కొట్టాయనకే తెలియదు. నిలువు స్తంభం మీద జిడ్డు పట్టిన ఇత్తడి బిళ్ళను మెల్లగా తుడిస్తే నీలం అంచు బయటపడింది, అందులో 1851–1951 అని ఉంది. కంపెనీ నూరేళ్లు నిండిన ఏడాది బిళ్ళ అది. మిషన్ అడుగు పలక కుడి మూల నంబరు ‘ఈ’ అక్షరంతో మొదలైంది. అంటే స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్లో ఉండే సింగర్ వాళ్ల కిల్‌బౌవీ ఫ్యాక్టరీలో తయారైందన్నమాట. 15కే అన్నప్పుడు ఆ ‘కే’ దానిదే. ఫ్యాక్టరీ 1980లో మూతపడింది కానీ, అక్కడి రైల్వే స్టేషన్ పేరు ఇప్పటికీ సింగరే. బాబిన్ సూది కింద నిలువుగా నిలబడి ఉండి, పైదారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళలు ఎడమ చివర మూత రేకు మీద ఉంటే ఈ 15 రకంలో ఒకటని నాకు అప్పుడే తెలిసింది.

మొదటి ఏడాది దీన్ని తెగ పొగిడాను. ఒక్కొక్క కుట్టూ చక్రాన్ని చేత్తో తిప్పి వేసుకోవచ్చు, కరెంటు పోయినా పని ఆగదు, బొంత అంచుల్లోకి కూడా సూది దిగుతుంది. అవి ఇప్పటికీ చాలావరకు నిజమే.

తర్వాత ఒక వానాకాలం ఇల్లు సున్నం వేయిస్తూ మిషన్‌ను మూడు వారాలు వరండాలో ఉంచాను. ఆ తప్పు నాది. లోపలికి తెచ్చి జాకెట్టు చేతులు కుడితే పైన కుట్టు చక్కగానే ఉంది. తిరగేస్తే అడుగున టర్కీ తువ్వాలు మీద పోగుల్లా ఉంగరాలు. మా వీధి చివర రిపేరు చేసే ఆయన చూసి, “అక్కా, షటిల్ అరిగింది, మార్చేద్దాం” అన్నాడు. షటిల్ అంటే కింద పైదారాన్ని పట్టి కిందిదారం చుట్టూ తిప్పే కొక్కెం. మార్చాడు. తగ్గలేదు. బాబిన్ కేస్ మార్చాడు, అది కూర్చోనే లేదు. ఈ కేసుల మీద ఒక కొమ్ము ఉంటుంది, అది నిలిచే చోటు రెండు రకాలు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను, పాత కేసు చేత పట్టుకెళ్లి కొత్తదాని పక్కన పెట్టి చూడండని. సరైన కేసు వచ్చాక కూడా ఉంగరాలు అలాగే ఉన్నాయి. చివరికి, శుభ్రం చేసిస్తానని తల మొత్తం స్పిరిట్‌తో తుడిచాడు. పాత సింగర్ల మీద బంగారు పూలకు పైన లక్కపూత ఉంటుంది, స్పిరిట్‌కు అది కరిగిపోతుంది. అరచేయంత మేర పూలు చెరిగి బూడిద మరక మిగిలింది. ఆ మరక చూస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అప్పటి నుంచి నూలు గుడ్డ మీద రెండు చుక్కల మిషన్ ఆయిల్ తప్ప మరేదీ దానికి తగలనివ్వను.

ఒక రాత్రి దారం ఎక్కిస్తూ అనుకోకుండా గమనించాను. గుడ్డను అదిమిపట్టే మిషన్ పాదం ఎత్తి దారం లాగితే తేలిగ్గా వచ్చింది, అలాగే రావాలి కూడా. పాదం దించి లాగినా అంతే తేలిగ్గా వచ్చింది! పాదం దించగానే టెన్షన్ బిళ్ళలు రెండూ దారాన్ని అదిమిపట్టాలి, లాగితే సూది కాస్త వంగాలి. అంటే ఆ బిళ్ళలు మూసుకోవడమే లేదు. పైదారానికి బిగువు లేకపోతే కిందిదారం దాన్ని కిందికి లాగేసుకుంటుంది, అందుకే ఉంగరాలు అడుగున పడతాయి. తప్పు పైన ఉంటే గుర్తు కింద కనిపిస్తోందన్నమాట.

మర్నాడు నట్టు విప్పి, స్ప్రింగు, బిళ్ళలు వరసగా కాగితం మీద పేర్చుకుంటూ వెళ్లాను. నడిమి బోల్టు బోలుగా ఉంటుంది. దాని లోపల అగ్గిపుల్ల కంటే సన్నటి ఉక్కు పుల్ల ఒకటి. పాదం ఎత్తినప్పుడు అది ముందుకు నెట్టి బిళ్ళలను విడదీస్తుంది, దించితే వెనక్కి జారాలి. అది తుప్పుపట్టి ముందుకొచ్చిన చోటే బిగుసుకుపోయింది. కిరసనాయిలు చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే చిన్న పట్టకారుతో లాగితే గోధుమరంగు పొడితో సహా బయటికొచ్చింది. సన్న గరుకు కాగితంతో రుద్ది, ఒక చుక్క ఆయిల్ రాసి పెట్టాను. పేరుకున్న నూలు పీచును గుడ్డ పేలికతో లాగేశాను. మళ్లీ బిగించి దారం లాగితే సూది వంగింది! ఆ వేలి కొస మీది బిగువు ఇప్పటికీ గుర్తుంది. ఖర్చు ఏమీ లేదు, అంతకుముందే కొన్న షటిల్, కేసుల డబ్బు తప్ప.

ఇంత చెప్పినా, మొదట్లో పొగిడినదాంట్లో కొంత తగ్గించుకోవాలి. జీన్సు అంచు మడతలు కలిసేచోట తొక్కితే పోదు, 18 నంబరు సూది వేసి చక్రం చేత్తో తిప్పాల్సిందే. పల్చటి క్రేపును సూది రంధ్రంలోకి లాగేసుకుంటుంది, కింద కాగితం పెట్టుకోవాలి. జిగ్‌జాగ్ లేదు, సాగే బట్టలకు పనికిరాదు. మాకు కింది వాటా కాబట్టి సరిపోయింది, మెట్లెక్కించే బరువు కాదు.

బాబిన్లు, సూదులు, బెల్టు మాత్రం ప్రతి దర్జీ సామాన్ల కొట్లో దొరుకుతాయి, మన ఊళ్లలో వాడే ఇళ్ల మిషన్లు చాలావరకు ఈ 15 రకం మీదే వచ్చాయి. నాలా జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు కుట్టుకుంటూ, ఆదివారం ఆయిల్ వేసే తీరిక ఉన్నవాళ్లయితే చూడొచ్చు. కొనేముందు కొట్లోనే పాదం ఎత్తి ఒకసారి, దించి ఒకసారి దారం లాగి చూడండి. మా అమ్మాయి టీషర్టులు కుట్టాలంది కాబట్టి దానికి కరెంటు జిగ్‌జాగ్ మిషనే కొనిచ్చాను.