బిగ్‌ఫుట్‌ను చూశామన్నవాళ్ల రిపోర్టులన్నీ ఒక్కచోట: బీఎఫ్‌ఆర్‌ఓ డేటాబేస్ ఎలా ఉందంటే

సియాటెల్ వచ్చాక వీకెండ్ హైకింగ్ అలవాటైంది, దాంతోపాటే బిగ్‌ఫుట్ కథలు కూడా. ఒళ్లంతా బొచ్చుతో, మనిషిలా రెండు కాళ్ల మీద నడిచే పెద్ద కోతిలాంటి జీవి అంటారు. చూశామన్నవాళ్ల రిపోర్టులను బీఎఫ్‌ఆర్‌ఓ అనే సంస్థ 1995 నుంచి పోగు చేస్తోంది. వాళ్ల వెబ్‌సైట్‌లో అవి చదవడానికి పైసా కట్టక్కర్లేదు. రాష్ట్రం, తర్వాత కౌంటీ (మన జిల్లాలాంటిది) ఎంచుకుంటే చాలు. ఎక్కువ రిపోర్టులు మా వాషింగ్టన్ రాష్ట్రానివే.

నాకు బాగా నచ్చింది రాయించుకునే తీరు. ఏ నెల, దగ్గర్లో ఏ ఊరు, ఏ రోడ్డు, వెలుతురు ఎలా ఉంది, పక్కన ఎవరున్నారు, అప్పుడేం చేస్తున్నారు, అన్నీ విడివిడిగా అడుగుతారు. చాలావాటికి వాళ్ల మనిషి ఒకరు చూసినవాళ్లతో మాట్లాడి, తెలిసింది కింద రాస్తారు. నేను ముందు చదివేది ఆ భాగమే.

ఏ, బీ, సీ అని తరగతులున్నాయి. ఏ అంటే నిజమని తేల్చేశారని కాదు, వేరే జంతువని పొరబడే అవకాశం తక్కువ ఉన్న పరిస్థితి అని. దూరంగానో మసకలోనో చూసినా, అరుపు మాత్రమే విన్నా బీ. ఎవరో చెప్పగా విన్నవి సీ.

లోటు ఎలుగుబంటి దగ్గరే. పోయిన సెప్టెంబర్‌లో స్నోక్వాల్మీ వైపు ట్రయిల్‌లో, చీకటి పడే వేళ, హకల్‌బెర్రీ పొదల్లో నల్లగా ఏదో లేచి నిలబడింది. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. అది ముందుకాళ్లు కింద పెట్టాకే ఎలుగుబంటని తెలిసింది, ఈలోపు మూడు సెకన్లు అయ్యుంటుందేమో, ఆ మూడు సెకన్లే చూసి వచ్చేసి ఉంటే నేనూ ఒక రిపోర్టు పంపేవాణ్ణి, అందులో ఒక్క అబద్ధమూ ఉండేది కాదు. అందుకే ఆ చుట్టుపక్కల ఎలుగుబంట్లు తిరుగుతాయా అన్నది ప్రతి రిపోర్టులో ఉండాలని నా కోరిక. 2009లో కొందరు శాస్త్రవేత్తలు ఇవే రిపోర్టులతో మ్యాప్ గీస్తే, అది నల్ల ఎలుగుబంట్లు తిరిగే చోట్లతో చాలావరకు కలిసిపోయింది. చోటు ఇంత జాగ్రత్తగా రాసి పెట్టబట్టే కదా ఆ పని కుదిరింది! నమ్మేవాళ్లకే కాదు, నమ్మనివాళ్లకూ పనికొచ్చే సేకరణ ఇది.

పాదముద్రల రిపోర్టులు మాత్రం నేను పక్కన పెడతాను. కాలిఫోర్నియాలో 1958లో బిగ్‌ఫుట్ అనే పేరు పాకడానికి కారణమైన ముద్రలు రే వాలెస్ అనే ఆయన చెక్క పాదాలతో వేసినవని 2002లో ఆయన కుటుంబమే చెప్పింది.

నా రేటింగ్ 5కి 4. కొత్తగా చూసేవాళ్లు మా రాష్ట్రంలోని స్కమేనియా కౌంటీతో మొదలుపెట్టండి. ఈ జీవిని చంపితే నేరమని 1969లోనే ఆర్డినెన్స్ తెచ్చిన కౌంటీ అది.