ఫ్లైయాష్ ఇటుకలు కొంటున్నారా? రేటు కంటే ముందు ఇటుక వయసు అడగండి

ఇల్లు కట్టుకుంటూ ఫ్లైయాష్ ఇటుకలు (థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిదతో చేసేవి) తెప్పించుకుంటున్నవాళ్లు ఇది చదివాకే లోడు దింపించుకోండి. అచ్చు కొట్టే ప్రెస్సు మీంచి దిగి నాలుగు రోజులు కూడా కాని పచ్చి ఇటుకల్ని ‘నెల దాటిన స్టాకు’ అని చెప్పి అంటగడుతున్నారు. మాకు అలాగే జరిగింది. రంగు వెయ్యకముందే కొత్త గోడలు నెర్రెలిచ్చాయి.

గుంటూరు జిల్లాలో అమ్మానాన్నల కోసం చిన్న ఇల్లు కడుతున్నాం. ఎర్ర ఇటుక వద్దని ముందే గట్టిగా అనుకున్నాం. బట్టీ ఇటుకకి పొలాల పైమట్టి పోతుంది, కాల్చడానికి బొగ్గో ఊకో కావాలి. ఇంకోవైపు ఇబ్రహీంపట్నం, రామగుండం, కొత్తగూడెం లాంటి థర్మల్ కేంద్రాల దగ్గర బూడిద గుట్టలుగా పేరుకుపోతోంది. ఆ బూడిద ఇటుకల్లోకి వెళ్లాలనే 1999లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఫ్లైయాష్, సున్నం, జిప్సం కలిపి బట్టీ అవసరమే లేకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని కనిపెట్టింది మన విశాఖపట్నంలోనే, డాక్టర్ ఎన్. భానుమతిదాస్, ఎన్. కాళిదాస్. ఇటుక మంచిదే. దాన్ని అమ్మే తీరులోనే మోసం జరుగుతోంది.

మేం ల్యాబ్ రిపోర్టు అడిగితే వాట్సాప్‌లో ఫోటో పంపారు. 7.5 క్లాసు అని ఉంది, అంటే ఇటుక బలం చదరపు మిల్లీమీటరుకి 7.5 న్యూటన్లు ఉండాలి. తేదీ ఉన్న పై భాగం ఫోటోలో లేదు. గొడవయ్యాక అసలు కాగితం చేతికొస్తే, అది ఏడాది పైబడిన రిపోర్టు. పైగా అందులో ‘శాంపిల్ కస్టమర్ తెచ్చి ఇచ్చినది’ అని ఉంది. అంటే ఫ్యాక్టరీవాళ్లు ఏరి తెచ్చిన ఇటుకల్ని ల్యాబ్ పరీక్షించింది, అంతే. మన ఇంటికొచ్చిన లోడుకీ ఆ కాగితానికీ సంబంధం లేదు.

లోడ్లన్నీ రాత్రిపూటే వచ్చాయి. పైకి చూస్తే అంచులు నున్నగా, సైజు సమానంగా ఉన్నాయి. ప్లాస్టరింగ్ అయిన కొన్ని వారాలకి కిటికీ కింద నుంచి మెట్లు మెట్లుగా పగులు దిగింది, బీము కింద గీత గీసినట్టు ఇంకోటి. ఫ్యాక్టరీ ఓనరు వచ్చి చూసి ‘మేస్త్రి గోడ తడపలేదు’ అని తేల్చేశాడు. మా మేస్త్రి ఏమీ మాట్లాడకుండా మిగిలిపోయిన ఇటుక ఒకటి తీసి పగలగొట్టాడు. లోపల మధ్యలో నల్లగా, గరుగ్గా ఉంది, బొటనవేలితో రాస్తే ఇసకలా రాలిపోయింది. అలా మిగిలిన ఇటుకల్నే ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ ల్యాబుకి పట్టుకెళ్తే సగటు బలం 3 కూడా దాటలేదు. డబ్బు 7.5కి కట్టించుకున్నారు.

ఎందుకిలా అవుతుందంటే, ఫ్లైయాష్ తనంతట తాను గట్టిపడదు. సున్నంతోనో, సిమెంట్ నుంచి వచ్చే సున్నంతోనో కలిసి, తడిలో ఉండి, నెమ్మదిగా బలం తెచ్చుకుంటుంది. ప్రెస్సు ఇచ్చేది ఆకారం మాత్రమే. అసలు బలం రెండు మూడు వారాల క్యూరింగ్‌లో, అంటే నీళ్లు కొడుతూ తడిగా ఉంచినప్పుడు వస్తుంది, 28 రోజులకి లెక్క చూస్తారు. మధ్యలో ఎండబెట్టేస్తే అక్కడితో ఆ పని ఆగిపోతుంది. ఆ పచ్చి ఇటుక గోడలోకి వెళ్లాక ఆరుతూ ముడుచుకుంటుంది, ప్లాస్టరింగ్‌ని కూడా చీలుస్తుంది. క్యూరింగ్ యార్డుకి స్థలం కావాలి, నీళ్లు కావాలి, పెట్టుబడి నెల రోజులు ఇరుక్కుపోతుంది. రేటు తగ్గించేవాళ్లలో చాలామంది మిగిల్చుకునేది ఇక్కడే. కొందరైతే పౌడరులా మెత్తగా ఉండాల్సిన ఫ్లైయాష్ బదులు గరుకైన బాటమ్ యాష్ (బాయిలర్ అడుగున పడే బూడిద), పాండ్ యాష్ (చెరువులో పోసిన బూడిద) వేసి, క్రషర్ డస్ట్ (రాతి పొడి) పెంచి, సిమెంట్ కోసేస్తారు.

అందుకే ఆర్డరిచ్చే ముందు యార్డుకి ఒకసారి వెళ్లండి. దొంతుల మీద తయారైన తేదీ రాసి ఉందా, నీళ్లు కొడుతున్న ఆనవాళ్లు ఉన్నాయా చూడండి. తేదీ రాసే అలవాటే లేని చోట నేనైతే ఇక కొనను. వాళ్లు చేతికిచ్చిన ఇటుక కాదు, దొంతి మధ్యలోంచి మీరే లాగండి. రెండిటిని కొడితే ఖంగుమనాలి. బాగా ఎండిన ఇటుకని తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. 3 కిలోల ఇటుక 3.6 దాటితే వద్దు. ఈ ఇటుకలకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 12894లో 12.5 క్లాసు వరకు నీటి పీల్పు పరిమితి 20 శాతం. లోడు దిగాక అందులోంచి మీరే కొన్ని తీసి ల్యాబుకి పంపండి. రిపోర్టు వచ్చేదాకా మిగతా డబ్బు ఇవ్వొద్దు.

బిల్లు మీద క్లాసు, తయారీ తేదీ రాయించుకోండి. ‘బిల్లు లేకుంటే తక్కువకిస్తాం’ అంటే ఒప్పుకోవద్దు, రేపు వినియోగదారుల కమిషన్‌లో మీ చేతిలో ఉండేది ఆ కాగితమే. మేం ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాం, ఇప్పుడు జిల్లా కమిషన్‌కి వెళ్తున్నాం. రెండేళ్లలోపు ఫిర్యాదు చెయ్యొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు.

మిగిలిన గోడలు కూడా ఫ్లైయాష్‌తోనే కడుతున్నాం, వేరే చోట తేదీ చూసి తెచ్చినవాటితో. ఒకడు మోసం చేశాడని మళ్లీ పొలం మట్టి దగ్గరికి వెళ్లడానికి మనసొప్పలేదు.

ఇప్పటికే గోడ లేచిపోయి ఇటుక మీద అనుమానం ఉన్నవాళ్లు ప్లాస్టరింగ్‌కి తొందరపడకండి. గోడ ఆరి, ఎంత ముడుచుకోవాలో అంత ముడుచుకోనివ్వండి. బీములు, పిల్లర్లు గోడని కలిసే చోట చికెన్ మెష్ (సన్న ఇనప జాలీ) కొట్టించాకే పూత వేయించండి. పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసే ఇల్లయితే మాత్రం పని ఆపేసి, ఇంజినీరుకి చూపించాకే సెంట్రింగ్ మొదలుపెట్టండి.