రద్దీ రూట్లో ప్యాసింజర్ బండి నడపాలంటే ఏ సిమ్యులేటర్ మేలు?

రైలు సిమ్యులేటర్లలో, అంటే కంప్యూటర్‌లో రైలు నడిపే ఆటల్లో, ఎవరికి నచ్చేది వాళ్లకుంటుంది. కొందరికి ఘాట్‌లో గూడ్సు లాగడం ఇష్టం, కొందరికి ఆవిరి ఇంజిన్లు ఇష్టం. నాకు మాత్రం ముందొక బండి, వెనకొక బండి ఉండగా, స్టేషన్ స్టేషన్‌కీ జనాన్ని ఎక్కించుకుంటూ టైముకు చేరడంలో ఉన్న టెన్షనే కావాలి. అందుకు పనికొచ్చే మూడింటిని పోల్చి చెబుతాను. మొదటిది ట్రైన్ సిమ్ వరల్డ్‌లోని లండన్ విక్టోరియా–బ్రైటన్ రూటు. రెండోది జేఆర్ ఈస్ట్ ట్రైన్ సిమ్యులేటర్‌లో టోక్యో మీదుగా పోయే కేహిన్-తొహోకు లైను. మూడోది పోలాండ్ లైన్లతో వచ్చిన సిమ్‌రైల్. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయన్న దానికంటే నేను ముందు చూసేది ఒకటుంది. పక్క బండి ఆలస్యమైతే ఆ దెబ్బ నా బ్రేకు దాకా వస్తుందా, రాదా? రాకపోతే ఎన్ని బండ్లు పక్కనుంచి పోయినా అది రద్దీ లైను అనిపించదు.

బ్రైటన్ రూటుతో మొదలుపెడదాం. ట్రైన్ సిమ్ వరల్డ్ 2 కాలంలో ‘రష్ అవర్’ పేరుతో వచ్చిన మూడు రూట్లలో ఇదొకటి. సుమారు 82 కిలోమీటర్ల లైను. లండన్ వైపు నాలుగు పట్టాల దారులుంటాయి, బాల్‌కోంబ్ సొరంగం దగ్గరికొచ్చేసరికి రెండే మిగులుతాయి. అప్పటిదాకా పక్కపక్కన నడిచిన ఫాస్ట్ బండ్లూ, ఆగి ఆగి వెళ్లే బండ్లూ అక్కడ ఒకదాని వెనక ఒకటి చేరాలి. సిగ్నళ్లు మనవాళ్లకు త్వరగా అలవాటవుతాయి. మన ఆటోమేటిక్ సిగ్నలింగ్‌లో లాగే పచ్చ, రెండు పసుపులు, ఒక పసుపు, ఎరుపు. రెండు పసుపులు కనిపించాయంటే తర్వాతిది ఒక పసుపు, ఆ పైది ఎరుపు అనుకుని నడపాలి. పచ్చ సిగ్నల్ దగ్గర డ్రైవర్ కేబిన్‌లో గంట మోగుతుంది. మిగతా రంగులకు హారన్ మోగుతుంది, వెంటనే బటన్ నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడిపోతాయి. ఈస్ట్ క్రోయిడన్ లాంటి చోట హారన్, బటన్, పసుపు, మళ్లీ హారన్ అంటూ చేతికి ఖాళీ ఉండదు. ప్లాట్‌ఫారం మీద 4, 8, 12 అని బోర్డులుంటాయి. ఎన్ని పెట్టెల బండి తెచ్చామో గుర్తుపెట్టుకుని ఆ బోర్డు దగ్గర ఆపాలి.

లోటు ఎక్కడంటే, మిగతా బండ్లన్నీ రాసిపెట్టిన టైం టేబుల్ ప్రకారం నడిచేవే. మనం నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్తే “ఈ లోకల్‌ని కాస్త ఆపి, వెనక వచ్చే ఫాస్ట్‌ని ముందు పంపుదాం” అని ఆలోచించే మనిషి ఎవరూ లేరు. పది రోజులు నడిపితే ఏ చోట పసుపు పడుతుందో కంఠతా వచ్చేస్తుంది.

జపాన్ ఆట పూర్తిగా వేరు. తూర్పు జపాన్ రైల్వే సంస్థే 2022లో దీన్ని తెచ్చింది. తెర మీద కనిపించేది కంప్యూటర్ గీసిన బొమ్మ కాదు, నిజం బండి ముందు నుంచి తీసిన వీడియో. మన వేగాన్ని బట్టి ఆ వీడియో కదులుతుంది. నడిపేది ఈ233 రకం, 10 పెట్టెల బండి. ఒమియాలో బయలుదేరి వేగం అందుకున్నామో లేదో, 1.6 కిలోమీటర్లకే సైతామా-షింతోషిన్ వచ్చేస్తుంది. అంటే పవర్ ఎంతసేపు ఇవ్వాలి, ఎక్కడ తీసేయాలి, బ్రేక్ ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి స్టేషన్‌కో లెక్క. లైను అంతా ఇదే పని.

బ్రేక్ వేయడం నేర్చుకోవాలంటే దీన్ని మించింది లేదని నా గట్టి నమ్మకం. మొదట గట్టిగా పట్టి, వేగం తగ్గే కొద్దీ ఒక్కో మెట్టు వదులుతూ, బండి ఆగే క్షణానికి బ్రేక్ దాదాపు లేనట్టే ఉండాలి. అప్పుడే నిలబడ్డ ప్రయాణికుడు ముందుకు తూలడు. మనలో చాలామంది దీనికి తిరగేసి చేస్తాం. మొదట మెల్లగా పట్టి, ప్లాట్‌ఫారం చివర కంగారుగా నొక్కుతాం. ఈ ఆట సెకన్లలో, సెంటీమీటర్లలో లెక్క చూపిస్తుంది కాబట్టి ఆ అలవాటు తొందరగా పోతుంది. ఇంకో మాట. జపాన్ డ్రైవర్లు సిగ్నల్‌ని వేలితో చూపిస్తూ పైకి చెబుతారు. మన లోకో పైలట్, అసిస్టెంట్ కూడా సిగ్నల్ రంగు ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. ఆడేటప్పుడు మీరూ అలా చెప్పి చూడండి, సిగ్నల్ తప్పిపోవడం నిజంగానే తగ్గుతుంది.

అయినా ఇది వీడియో. పక్క లైన్లో, టోక్యో నగరం చుట్టూ తిరిగే యమనోతె బండి పోతుంటే చూడ్డానికి ఎంతో బాగుంటుంది, కానీ అది షూటింగ్ రోజున పోయిన బండి. దాని ఆలస్యం మనకు తగలదు. ప్రపంచంలోనే అత్యంత రద్దీ పట్టాల మీద ఉన్నా, మనం పోటీ పడేది గడియారంతోనే.

సిమ్‌రైల్ దగ్గరే నా ప్రశ్నకు సమాధానం దొరికింది. 2023 జనవరిలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే ఆడనిచ్చే రూపంలో, వచ్చింది. ఆన్‌లైన్ సర్వర్‌లో ఎదురొచ్చే బండిని ఇంకో ఆటగాడు నడుపుతుండొచ్చు. సిగ్నల్ ఇచ్చే కేబిన్‌లోనూ నిజం మనిషి కూర్చుని ఉండొచ్చు. మనిషి లేని చోట కంప్యూటర్ చూసుకుంటుంది. జవెర్చె స్టేషన్ చూడండి. బొగ్గు రవాణా కోసం 1970లలో వేసిన, వార్సా వైపు నుంచి వచ్చే వేగవంతమైన లైను అక్కడ ముగిసి, పాత వార్సా–వియన్నా లైనులో కలుస్తుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చిన పెండొలీనో ఎక్స్‌ప్రెస్, కతోవిత్సె వైపు ఆగుతూ వెళ్లే లోకల్, గూడ్సు, అన్నీ ఒకే గొంతులోంచి దూరాలి. ఎవర్ని ముందు పంపాలో కేబిన్‌లోని మనిషి నిర్ణయిస్తాడు. మన దగ్గర ప్యాసింజర్‌ని లూప్ లైన్లో పెట్టి ఎక్స్‌ప్రెస్‌ని పంపినట్టే, మీ లోకల్‌నీ ఆపేస్తారు. ఔటర్‌లో ఎర్ర సిగ్నల్ ముందు నిలబడి, రేడియోలో కబురు కోసం చూస్తూ, పోయిన నిమిషాల్ని తర్వాతి స్టేషన్లలో ఎలా రాబట్టాలా అని లెక్కలు వేసుకోవడం మిగతా రెండు ఆటల్లో దొరకని అనుభవం.

దీనికి ఓపిక కావాలి. పోలాండ్ సిగ్నళ్లు మనకు కొత్త. మెరిసే (వెలిగి ఆరే) పచ్చ అంటే తర్వాతి సిగ్నల్ దగ్గర గంటకు 100 కిలోమీటర్లు దాటకూడదు, మెరిసే నారింజ అంటే అక్కడికి 40కో 60కో తగ్గాలి, మెరవని నారింజ అంటే తర్వాత ఎరుపు. డ్రైవర్ మెలకువగా ఉన్నాడా అని అడిగే దీపానికి నిమిషానికోసారి బటన్ నొక్కుతూ ఉండాలి. మంచి కంప్యూటర్, నిలకడైన ఇంటర్నెట్ తప్పనిసరి. మధ్యలో ఫోనొస్తే ఆపుకునే వీలు బ్రైటన్ రూటులో ఉంది, ఇక్కడి సర్వర్‌లో లేదు. సిగ్నల్ కేబిన్‌లో కూర్చున్నది కొత్తవాడైతే ఇరవై నిమిషాలు ఎర్ర లైటు చూస్తూ కూర్చోవాల్సి రావచ్చు. నేను దాన్నీ ఆటలో భాగంగానే తీసుకుంటాను, అందరూ తీసుకోరు.

మూడింటిలో ఏది కొన్నా, ఎక్స్‌ప్రెస్ జోలికి వెంటనే పోవద్దు. బ్రైటన్ రూటులోని గాట్‌విక్ ఎక్స్‌ప్రెస్ పెట్టెలు గంటకు 110 మైళ్లు పోగలవు గానీ ఆ లైను గరిష్ఠ వేగం 90 మైళ్లే. పైగా ముందు లోకల్ ఉంటే పసుపుల వెంట పాకాల్సిందే. ఆ లోకల్ ఎందుకు నెమ్మదిగా పోతుందో, ఎక్కడ ఆగుతుందో మీ చేత్తో నడిపి ఉంటేనే, రెండు పసుపులు చూడగానే పవర్ తీసి బండిని దొర్లనివ్వాలన్న సంగతి తోస్తుంది. ఎరుపు దాకా పోయి ఆపితే మళ్లీ వేగం అందుకోవడానికే ఎక్కువ టైం పోతుంది. పసుపులోనే నెమ్మదిస్తే ఈలోపు ముందు దారి ఖాళీ అవుతుంది.

రోజుకో అరగంటే దొరికేవాళ్లు జపాన్ ఆట తీసుకోండి. ఒంటరిగా, అవసరమైతే ఆపుకుంటూ, తెలిసిన రంగుల సిగ్నళ్లతో నేర్చుకోవాలంటే బ్రైటన్ మేలు. పాత ల్యాప్‌టాప్ ఉండి, మన డబ్ల్యూఏపీ-7 ఇంజిన్లే కావాలంటే ఉచితంగా దొరికే ఓపెన్ రైల్స్ అనే సిమ్యులేటర్ ఉంది. మన అభిమానులు చేసిన ఇంజిన్లూ పెట్టెలూ అందులో నడుస్తాయి. రద్దీయే కావాలి, టైం పెట్టగలను అనేవాళ్లకు మాత్రం నేను సిమ్‌రైలే చెబుతాను. అందులోనూ పెండొలీనో కాకుండా ఈఎన్57తో మొదలుపెట్టండి. 1990ల మొదటి దాకా తయారైన పాత మూడు పెట్టెల లోకల్ అది, గరిష్ఠ వేగం గంటకు 110 కిలోమీటర్లు. ముందు సింగిల్ ప్లేయర్‌లో సిగ్నళ్లు పట్టుబడనిచ్చి, తర్వాత జనం తక్కువ ఉన్న సర్వర్‌లో జవెర్చె–కతోవిత్సె మధ్య ఒక ఆగే బండి తీసుకోండి.