ఇంటి చుట్టూ చప్టా, మొక్కలకి గట్టు: ఆరేళ్ల వాడకం తర్వాత

2019లో సంక్రాంతి వెళ్లిన వారంలో మా ఇంటి చుట్టూ కాంక్రీటు చప్టా వేయించాం. ముందువైపు మొక్కల మడికి గట్టు కూడా అప్పుడే కట్టించాం. వేయించిన కొత్తలో ఏ పనైనా బాగానే కనిపిస్తుంది. అందుకే ఆరు ఎండాకాలాలు, ఆరు వానాకాలాలు గడిచాక ఇప్పుడు రాస్తున్నాను.

మాది చిలకలూరిపేట. ఇల్లు కట్టింది నల్లరేగడి నేల మీద. ఈ నేల సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి బేస్‌మెంట్ గోడని నేల వదిలేసి, చెయ్యి దూరేంత నెర్రె పడేది. జూన్‌లో తొలివాన పడగానే చూరు నీళ్లన్నీ ఆ నెర్రెలోంచి పునాదిలోకి దిగేవి. నైరుతి మూల గదిలో గోడకి సన్నగా ఏటవాలు చీలిక వచ్చింది. మాకు ప్లాను గీసిన ఇంజనీరు వచ్చి చూసి, పునాది కింద మట్టి ఏటా తడిసి ఎండుతుండటం వల్లే ఇలా అవుతోందని, ఇంటి చుట్టూ కనీసం మూడడుగులు నీళ్లు దిగకుండా మూసేయమని చెప్పారు. ఇది ఒక కారణం. రెండో కారణం మా అత్తయ్య. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక రోజూ నడవాలన్నారు డాక్టరు. రోడ్డు మీదకి పంపాలంటే మాకు టెన్షన్. ఇంటి చుట్టూ తిరుగుదామంటే వానాకాలంలో చెప్పులకి బురద ముద్దలు అంటుకుని అడుగు లేచేది కాదు.

ఇల్లు 40 అడుగులు, 30 అడుగులు. చుట్టూ మూడడుగుల వెడల్పు అంటే 456 చదరపు అడుగులు. నాలుగంగుళాల మందం పోశాం. ఎం20 కాంక్రీటు, అంటే ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు పాళ్లు కంకర. 35 బస్తాల సిమెంటు పట్టింది. గ్రావెల్, కూలీలు, గట్టు అన్నీ కలిపి అప్పట్లో మాకు 80 వేల దాకా అయింది.

డబ్బులో, శ్రమలో పెద్ద వాటా పైన కనిపించే కాంక్రీటుకి కాదు, దాని కింద నేలకి పోయింది. ఇప్పుడు చూస్తే దాని ఫలితమే ఎక్కువగా తెలుస్తోంది. అడుగు లోతు నల్లమట్టి తీసేసి బయట పోయించి, ఆరు ట్రాక్టర్ల ఎర్ర గ్రావెల్ తోలించాం. ఒకేసారి నింపేయకుండా ఆరంగుళాలు పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ ఆరంగుళాలు పరిచారు. గ్రావెల్ బదులు ఇసుక పోస్తే పని తొందరగా అయిపోతుందని ఒకరిద్దరు చెప్పారు. మా వీధి చివర ఒకరింట్లో అలాగే చేశారు. కింద నల్లమట్టి నీళ్లు పీల్చడం ఆలస్యం, పైన ఇసుకలో నీళ్లు తొందరగా దిగుతాయి. దాంతో ఆ నీళ్లన్నీ గిన్నెలో నిలిచినట్టు చప్టా కిందే ఉండిపోయాయి. రెండో ఏడాదికి వాళ్ల చప్టా మధ్యలో ఉబ్బి, అంచుల్లో కుంగిపోయింది. మాది ఈ ఆరేళ్లలో ఎక్కడా అంగుళం కూడా దిగలేదు. నల్లరేగడిలో ఇల్లున్నవాళ్లు వేరే దేంట్లోనైనా పొదుపు చేయండి కానీ, ఈ గ్రావెల్ దగ్గర మాత్రం వద్దు.

ఇక పగుళ్లు. తూర్పు, ఉత్తరం, దక్షిణం వైపుల్లో మేస్త్రి నాలుగేసి అడుగులకి ఒక గడి కట్టి, ఒక గడి విడిచి ఒకటి పోశారు. రెండు రోజుల తర్వాత మధ్య గడులు పోశారు. గోడకి, చప్టాకి మధ్య అర అంగుళం థర్మోకోల్ షీటు నిలబెట్టారు. చప్టాని బేస్‌మెంట్‌కి అతికించి పోస్తే, ఇల్లు ఒకలా, చప్టా ఒకలా కదిలినప్పుడు అంచు ఊడుతుందని చెప్పారు. ఆ మాట అక్షరాలా నిజమైంది. ఆ మూడు వైపులా ఈ రోజుకీ ఒక్క పగులు లేదు. గడికీ గడికీ మధ్య ఉన్న సందు వేసవిలో వెంట్రుకంత వెడల్పవుతుంది, అంతే.

పడమర వైపు మాత్రం మేమే తప్పు చేశాం. అది సందులోకి కనిపించే వైపు. గీతలు లేకుండా ఒకే పలకలా ఉంటే అందంగా ఉంటుందని మా వారు అడిగారు, నేనూ సరేనన్నాను. "గీత మనం పెట్టకపోతే అదే పెట్టుకుంటుందమ్మా" అన్నారు మేస్త్రి. అయినా మేం వినలేదు. 40 అడుగులు ఏకంగా పోశారు. పోయడం అయ్యాక పైన నీరు తేలితే, అది ఆరడానికి కూలీలు పొడి సిమెంటు చల్లి తాపీతో నున్నగా పామేశారు. నేను చూస్తూనే ఉన్నాను, అప్పట్లో అది మంచి పనే అనుకున్నాను. దానికి తోడు, మూడో రోజున మేం తెనాలిలో పెళ్లికి వెళ్లి రెండు రోజులు ఉండిపోయాం. తడిపేవాళ్లు లేరు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ మేలోనే పడమర చప్టా నాలుగు చోట్ల పగిలింది. దాదాపు ఎనిమిదేసి అడుగులకి ఒకటి చొప్పున అడ్డంగా పగుళ్లు వచ్చాయి. అవి కాక డ్రైనేజీ చాంబర్ మూల నుంచి ఏటవాలుగా ఇంకొకటి. మూల ఉన్నచోటే పగులు మొదలవుతుందని, చాంబర్ చుట్టూ విడిగా గడి కట్టి ఉండాల్సిందని తర్వాత తెలిసింది. మొదట పగుళ్లలో సిమెంటు రసం పోయించాం. ఒక్క వేసవికే ఊడి వచ్చేసింది. కదిలే పగులుకి గట్టిగా బిగుసుకునే మందు నిలవదు. 2020లో పాలీయురేథేన్ సీలెంట్ ట్యూబులు తెచ్చి, పగుళ్లు శుభ్రం చేసి నింపించాం. రబ్బరులా సాగుతుంది కాబట్టి ఇప్పటికీ పట్టుకునే ఉంది. ఇక పొడి సిమెంటు చల్లిన పైపొర మాత్రం పెచ్చులు లేస్తోంది. ఊడ్చిన ప్రతిసారీ చేటెడు బూడిద రంగు దుమ్ము వస్తుంది.

మిగతా మూడు వైపులా తడపడం బాగా జరిగింది. మేం వాడింది పీపీసీ, అంటే బొగ్గు బూడిద కలిపిన సిమెంటు. మామూలు ఓపీసీకి కనీసం ఏడు రోజులు, ఇలాంటి కలిపిన సిమెంటుకి కనీసం పది రోజులు తడి ఆరకూడదని ఐఎస్ 456 అనే ప్రభుత్వ ప్రమాణంలోనే ఉంది. అంచుల్లో మట్టి కట్టలు వేసి మడులు కట్టి నీళ్లు నిలిపాం, వాటి మీద గోనెసంచులు పరిచాం. ఉదయం నేను, సాయంత్రం మా అబ్బాయి నీళ్లు పోసేవాళ్లం. కలిపేటప్పుడు నీళ్ల విషయంలోనూ కాస్త దగ్గరుండి చూసుకోవాలి. ఎం20 పాళ్లకి 50 కిలోల బస్తాకి 30 లీటర్ల నీళ్లు మించకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పల్చగా ఉంటే లాగడం తేలిక కాబట్టి కూలీలు బకెట్టు మీద బకెట్టు పోస్తారు. మేం నీళ్లు కొలిచి పోయడానికి ఒక బకెట్టు విడిగా పెట్టాం. దాంతో గొడవ లేకుండా పోయింది.

వాటం సంగతి. మూడడుగుల వెడల్పుకి ముప్పావు అంగుళం బయటికి వాలేలా పెట్టించాం. చూస్తే తెలియదు, నడిస్తే కాలికీ తెలియదు, నీళ్లకి మాత్రం తెలుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు రాత్రీ పగలూ కుండపోత. మేడ మీది నీళ్లన్నీ పైపుల్లోంచి చప్టా మీదకే దూకాయి. నేను కిటికీలోంచి టార్చి వేసి చూస్తూనే ఉన్నాను. గోడ దగ్గర ఒక్కచోట కూడా నీరు నిలవలేదు, తెల్లారేసరికి చప్టా ఊడ్చి కడిగినట్టు ఉంది. నైరుతి గదిలో ఆ చీలికకి రెండు చివర్లా పెన్సిల్ గీత గీసి 2019లో తేదీ వేశాం. ఈ రోజుకీ అది ఆ గీత దాటలేదు. చప్టా వల్ల నాకు కలిగిన అన్నిటికంటే పెద్ద ఊరట ఇదే.

మొక్కల గట్టు విషయంలో ఇంత సంతోషంగా చెప్పలేను. ఆరంగుళాల వెడల్పు, తొమ్మిదంగుళాల ఎత్తు కాంక్రీటు గట్టు, అందంగానే వచ్చింది. మట్టి చప్టా మీదకి రాదు, గరిక పాకదు, చిమ్మడం తేలిక. కానీ నీళ్లు బయటికి పోవడానికి గట్టులో రంధ్రాలు పెట్టలేదు. మొదటి వానాకాలంలోనే మడి చిన్న చెరువైంది. నందివర్ధనం వేర్లు కుళ్లి చచ్చిపోయింది. మడి వెనక వరండా గోడకి అడుగు ఎత్తు దాకా చెమ్మెక్కి రంగు పొక్కులు లేచింది. తర్వాత ఐదేసి అడుగులకి ఒకటి చొప్పున డ్రిల్లుతో రంధ్రం వేయించి, ఒకటిన్నర అంగుళం పైపు ముక్కలు దూర్చాం, లోపలివైపు కంకర పోశాం. పోసేటప్పుడే ఆ పైపు ముక్కలు పెట్టి ఉంటే వంద రూపాయల్లో అయిపోయే పనికి రెండు వేలు పెట్టాం. ఇంకొకటి, మామిడి మొక్కకి రెండడుగుల దూరంలోనే గట్టు కట్టేశాం. చెట్టు ఎదిగి గత ఏడాది అక్కడ గట్టుని పక్కకి తోసేసింది. చెట్టుని కొట్టే ప్రసక్తే లేదు కాబట్టి ఆ నాలుగడుగుల గట్టు తీయించేశాం.

ముందువైపు కారు పెట్టే చోట 2021లో 80 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు పరిపించాం. రెండూ పక్కపక్కనే వాడుతున్నాను కాబట్టి తేడా బాగా తెలిసింది. 2022లో బోరు పైపు చప్టా కింద లీకైంది. కాంక్రీటు పగలగొట్టి, పైపు మార్చి, మళ్లీ పోస్తే ఆ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. అదే పేవర్ల కిందైతే గంటలో తీసి మళ్లీ పేర్చేస్తారు. మరో పక్క పేవర్ల సందుల్లో తుంగ మొలుస్తుంది, చీమలు ఇసుక తోడిపోస్తాయి, టైరు ఆనే చోట రెండు వరుసలు కాస్త దిగాయి. సందుల్లోంచి నీళ్లు దిగుతాయి కాబట్టి గోడ పక్కన పేవర్లు నేను వేయించను. ఏది వేసినా కింద పైపులు పోయే చోట పెద్ద పైపు ఒకటి అడ్డంగా పాతి, అందులోంచి మీ పైపు లాగించండి.

అత్తయ్య మాట చెప్పి తీరాలి. పడమర తప్ప మిగతా మూడు వైపులా చప్టా పైన పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు గీయించాం. ఆ గరుకు వల్ల వానలో కూడా కాలు జారదు. ఉత్తరం వైపు ఎండ పడక, వానాకాలంలో పాచి పడుతుంది. పదిహేను రోజులకోసారి బ్లీచింగ్ పౌడరు చల్లి గట్టి చీపురుతో రుద్దుతాం. ఇది మానేసిన ఒక నెలలో ఆవిడ ఒకసారి జారబోయి కిటికీ ఊచ పట్టుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడూ మానలేదు. వరండా మెట్టు దగ్గర వాలుగా ర్యాంపు కూడా పోయించాం, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు లెక్కన. మాకు ఎత్తు ఆరంగుళాలే, కాబట్టి ఆరడుగులు సరిపోయింది. వాకర్‌తో ఎవరి సాయం లేకుండా ఎక్కుతారు, దిగుతారు. సాయంత్రం ఐదున్నరకి మొదలుపెట్టి ఎనిమిది చుట్లు తిరుగుతారు, ఒక్కో చుట్టుకి గట్టు మీద ఒక పొగడపువ్వు పెట్టుకుంటూ.

ఈ సంక్రాంతి వెళ్లాక పడమర వైపు మొత్తం పగలగొట్టించి, నాలుగేసి అడుగుల గడులు కట్టి మళ్లీ పోయిద్దామని అనుకుంటున్నాం. కింద గ్రావెల్ గట్టిగానే ఉంది, దాన్ని కదపం. అదే మేస్త్రికి కబురు పెట్టాం. పని అయ్యే పది రోజులూ ఏ పెళ్లి పిలుపు వచ్చినా నేను మాత్రం ఇల్లు కదలను.