లియాన్ బుషోన్‌లో పెళ్ళిరోజు విందు: ఎక్కడ తినాలి, ఎక్కడ జేబు ఖాళీ అవుతుంది

పెళ్ళిరోజుకో పుట్టినరోజుకో ఫ్రాన్స్‌లో మంచి భోజనం అనగానే అందరూ పారిస్ పేరే ఎత్తుతారు. ఆ డబ్బుతో లియాన్ వెళ్ళడం నయం. అక్కడ బుషోన్ అనే చిన్న రెస్టారెంట్లు ఉంటాయి. పాతిక ముప్ఫై కుర్చీలు, గళ్ళ బల్లగుడ్డలు, పక్కవాళ్ళ మోచెయ్యి తగిలేంత ఇరుకు, వంటగదిలో ఒకరిద్దరు, బల్లల దగ్గర ఒకరు. దీపాలు తగ్గించి కొవ్వొత్తులు పెట్టే తరహా కాదు. ప్రశాంతత కోరుకునే మనిషిని చెప్పాపెట్టకుండా ఇక్కడికి తీసుకెళితే, సాయంత్రమంతా ముడుచుకున్న ముఖం చూస్తూ తినాల్సి వస్తుంది.

బుషోన్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు, చిక్కంతా అక్కడే. పాత లియాన్ సందుల్లో ఆరు భాషల మెనూ, దాని మీద వంటకాల ఫొటోలు, గుమ్మం దగ్గర నిలబడి రమ్మని పిలిచే మనిషి, మధ్యాహ్నం నాలుగింటికి కూడా తెరిచి ఉన్న వంటగది కనిపిస్తే ఆగకుండా నడవండి. ప్యాకెట్ చింపి వేడిచేసిన కెనెల్ అనే చేప వంటకానికి కూడా అక్కడ పూర్తి ధరే. నిజంగా వండే చిన్నచోట్లు మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, మళ్ళీ రాత్రి ఏడూ ఏడున్నర నుంచే వడ్డిస్తాయి. ఆది, సోమవారాల్లో చాలావాటికి సెలవు. మీ ప్రత్యేకమైన రోజు ఆదివారం పడితే విందు శుక్రవారానికి జరుపుకోండి, మొండికెయ్యకండి. 2012 నుంచి అసలైన బుషోన్లకు ఒక గుర్తింపు ముద్ర ఇస్తున్నారు, అది తలుపు మీద ఉందేమో చూడండి. గిన్నె మీద ఇంటికప్పు బొమ్మ ఉన్న ‘ఫే మెజోన్’ గుర్తును మాత్రం అతిగా నమ్మక్కర్లేదు. ముడి సరుకుతో అక్కడే వండారని దాని అర్థం, కానీ ఆ ముడి సరుకు ఫ్రీజర్‌లోంచి వచ్చినా నిబంధన ఒప్పుకుంటుంది.

బల్ల ముందే బుక్ చేసుకోవాలి. సందర్భం ఏమిటో ఆ ఫోన్‌లోనే చెప్పండి, కేకు తెచ్చుకోవచ్చా అని కూడా అప్పుడే అడగండి. చెప్పకుండా డబ్బా పట్టుకుపోతే, వంటగదిలో తార్త్ (పిండి గిన్నెలో కాల్చే తీపి వంటకం) చేసిన మనిషికి అది అవమానంగా తోస్తుంది. లోపలికి వెళ్ళగానే ‘బోన్‌స్వార్’ (శుభ సాయంత్రం) అనాలి. ఆ ఒక్క మాట మింగేసి నేరుగా ఖాళీ బల్ల దగ్గరికి నడిచేవాళ్ళే తరవాత ఫ్రెంచివాళ్ళకు పొగరని రాస్తారు.

‘మెనూ’ అంటే అక్కడ నిర్ణీత ధరకు వచ్చే వరస భోజనం, వంటకాల జాబితాను ‘కార్త్’ అంటారు. ‘ఆంత్రే’ అంటే మొదటి వంటకం, అసలు వంటకం ‘ప్లా’. బుషోన్ మెనూ సుమారు 25 నుంచి 35 యూరోలు. విడివిడిగా చెప్పుకుంటే అదే భోజనానికి ఎక్కువవుతుంది, పైగా అంత తినలేరు.

మొదట సలాద్ లియోనేజ్ చెప్పండి. చేదుగా ఉండే ఫ్రిజే ఆకు, వేయించిన పందిమాంసపు ముక్కలు, పైన నీళ్ళలో ఉడికించిన పెంకులేని గుడ్డు. కత్తి తగలగానే పచ్చసొన కారి ఆకుకు పట్టాలి. గట్టిపడిన సొన వస్తే వెనక్కి పంపొచ్చు, తప్పులేదు. సలాడ్ అనగానే శాకాహారం అనుకోకండి.

అసలు సంగతి కెనెల్. పైక్ అనే మంచినీటి చేప మాంసాన్ని మెత్తగా నూరి, పిండి, వెన్న, గుడ్లతో కలిపి, పొడుగ్గా మలిచి ముందు నీళ్ళలో ఉడికిస్తారు. తరవాత క్రేఫిష్ అనే మంచినీటి రొయ్యలాంటి జీవితో చేసిన నాంటువా సాస్‌లో వేసి అవెన్‌లో పెడితే పొంగి దాదాపు రెట్టింపవుతుంది. పైన గోధుమరంగు పొర, అంచుల్లో ఇంకా బుడగలు కక్కుతున్న సాస్, చెంచా గుచ్చితే ఉఫ్ మని ఆవిరి. బల్ల మీదికి వచ్చాక అయిదు నిమిషాలు ఫొటోలు తీస్తూ కూర్చుంటే చతికిలపడిపోతుంది. చెంచాకు రబ్బరులా సాగితే, పిండి ఎక్కువ చేప తక్కువ అన్నమాట.

ఆండుయెట్ పేరు ముద్దుగా ఉందని దాన్ని ఆర్డర్ చేయకండి. అది పేగుల సాసేజ్, వాసన ముందొస్తుంది, ప్లేటు తరవాతొస్తుంది. తబ్లియే ద సపర్ అంటే ఆవుపొట్ట ముక్కకు రొట్టెపొడి అద్ది వేయించింది. పండగపూట ఎదుటి మనిషి మీద ఈ ప్రయోగాలు వద్దు.

వైన్‌కి సీసా అక్కర్లేదు, ‘పో’ అడగండి. అడుగు మందంగా ఉండే ఆ సీసాలో 46 సెంటీలీటర్లు పడుతుంది, ఇద్దరికి సరిపోతుంది. నీళ్ళకి ‘ఓ’ అని ఊరుకుంటే డబ్బుకి సీసా వస్తుంది. ‘కరాఫ్ దో’ అనండి, అది ఉచితం. 2022 నుంచి ఆ సంగతి కార్త్ మీదో, కనిపించేలా బోర్డు మీదో రాయడం కూడా తప్పనిసరి.

జున్ను (చీజ్) తీపికి ముందే వస్తుంది. సెర్వెల్ ద కానూ అంటే పట్టునేతగాడి మెదడు అని అర్థం, భయపడకండి, మూలికలు కలిపిన మెత్తటి తెల్లజున్ను అంతే. ఆఖర్న గులాబీరంగు ప్రలీన్ (చక్కెర పూత పట్టించిన గింజలు) తార్త్. కాఫీ అది తిన్నాకే, దాంతోపాటు కాదు.

బిల్లు అడిగేదాకా తీసుకురారు. అది నిర్లక్ష్యం కాదు, రాత్రంతా ఆ బల్ల మీకేనన్న మర్యాద. పిల్లలు నిద్రకు తూగుతుంటే మాత్రం కాఫీతోనే ‘లాదిస్యోన్’ (బిల్లు) అడిగేయండి. లెక్క ఇలా ఉంటుంది: ఇద్దరికి 32 యూరోల మెనూలు రెండు, 15 యూరోల పో ఒకటి, 3 యూరోల కాఫీలు రెండు, మొత్తం 85. అడుగున కనిపించే పన్ను, భోజనానికి 10 శాతం, మద్యానికి 20 శాతం, ఆ 85లోనే ఉంది. సర్వీసు కూడా అందులోదే. పర్యాటకులు తిరిగే వీధుల్లో కార్డు మెషీన్ చేతికిచ్చి టిప్ 10 శాతమా 15 శాతమా అని అడిగిస్తారు. 10 నొక్కితే 93.50 అవుతుంది. సున్నా నొక్కండి, భోజనం నచ్చితే బల్ల మీద నాలుగైదు యూరోల చిల్లర వదలండి.