నెర్వస్ కండిషన్స్: మొక్కజొన్న చేను నుంచి కాన్వెంట్ దాకా

త్సిత్సి దంగరెంబ్గా 1988లో వెలువరించిన ఈ నవల మొదటి వాక్యం దగ్గరే కొందరు వెనక్కి తగ్గుతారు. అన్న చచ్చిపోయినందుకు తనకేం బాధ కలగలేదంటుంది కథ చెప్పే పిల్ల తంబు. రాతిగుండె పిల్ల అనుకుని పుస్తకం పక్కన పడేయకండి. రెండో అధ్యాయం అయ్యేలోపు ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

అప్పటి రొడీషియా, ఇప్పటి జింబాబ్వే. 1960ల కాలం. ఇంట్లో ఒక్కరికే ఫీజు కట్టగలరు, ఆ ఒక్కరూ అన్నే. తన ఫీజు కోసం తంబు కాస్త నేల అడిగి మొక్కజొన్న వేస్తుంది. కంకులు చేతికొచ్చే వేళకి అన్నే దొంగిలించి తోటి పిల్లలకు పంచిపెడతాడు. మిగిలినవి పట్టుకుని మాస్టారితో ఉమ్తాలి పట్నం వెళితే, ఒక తెల్లావిడ పసిపిల్లతో పని చేయిస్తారా అని ఆయన్ని నిలదీసి, చివరికి పది పౌండ్లు ఇస్తుంది. ఆ డబ్బు హెడ్మాస్టరు దగ్గర దాచి రసీదు తీసుకుంటారు. తండ్రి వచ్చి అడిగినా దక్కదు, రసీదు తంబు పేరున ఉంది. మన సంప్రదాయం మంచిది, దొరల చదువు చెడ్డది అనో, దానికి తలకిందులుగానో తేల్చేసుకుని చదివేవాళ్లకు ఈ ఘట్టం గట్టిగా అడ్డుపడుతుంది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. తంబు వాళ్ల భాష షోనాలోని చుట్టరికాల పిలుపులు ఇంగ్లీషు అంకుల్, ఆంటీల్లో ఇమడవు, మన పిలుపుల్లో చక్కగా ఇముడుతాయి. బాబాముకురు అంటే పెదనాన్న, మైగురు పెద్దమ్మ, మైనినీ పిన్ని, తేతే మేనత్త. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని చదవండి. లేకపోతే క్రిస్మస్ సెలవులకు బంధువులంతా ఊళ్లో దిగే అధ్యాయాల్లో తికమక తప్పదు. కుటుంబ పంచాయితీలో మగవాళ్లతో సమానంగా కూర్చునే ఆడమనిషి మేనత్త ఒక్కతే. ఆడబిడ్డ పెత్తనం తెలిసినవాళ్లకు అదెందుకో వివరించక్కర్లేదు. సద్జా కూడా అంతే, మన సంకటి లాంటిది.

నవలకు గుండెకాయ న్యాషా. ఇంగ్లండులో పెరిగి షోనా మరిచిపోయిన పెదనాన్న కూతురు. తండ్రి ముందు తిన్నదంతా బాత్రూములో కక్కేస్తుంది, చివరికి చరిత్ర పుస్తకాన్ని పళ్లతో చీల్చేస్తుంది. ఆఫ్రికన్లకు ఇలాంటి జబ్బు రాదంటాడు తెల్ల మానసిక వైద్యుడు. మాస్టర్స్ చదివిన న్యాషా తల్లి మైగురు జీతం ఎక్కడికి పోతోందో కూడా గమనించి చదవండి. అరవకుండా నడిచే ఆ కథ న్యాషా కథకు ఏమాత్రం తీసిపోదు.

లోపం లేకపోలేదు. చివర్లో తంబు చేరే కాన్వెంట్ బడి భాగం మరీ హడావిడిగా ముగుస్తుంది. నలుగురి గదిలో ఆరుగురు నల్లపిల్లల్ని ఇరికించారన్న ఒక్క వివరానికే ఒక అధ్యాయం ఇవ్వొచ్చు. ఆ కొరత 2006లో దీనికి కొనసాగింపుగా వచ్చిన ‘ద బుక్ ఆఫ్ నాట్’ తీరుస్తుంది. మూడోది ‘దిస్ మోర్నబుల్ బాడీ’ (2018). బుకర్ బహుమతి తుది జాబితాలో చూసి చాలామంది దానితోనే మొదలుపెడుతున్నారు. అలా చేస్తే అందులోని తంబు మీద చిరాకు తప్ప ఇంకేం మిగలదు, ఆమె ఏం పోగొట్టుకుందో తెలియదు కాబట్టి. వరసలోనే చదవండి. అయేబియా ప్రచురణ సంస్థ ముద్రణ దొరికితే, అందులో తత్వవేత్త క్వామే ఆంథొనీ అప్పయా రాసిన ముందుమాట నవల పూర్తయ్యాకే తెరవండి.