జిప్సీకి ఆటో లాకర్లు: ఆరేళ్లు రేగడిలో తిప్పాక

మా మిరప చేను గుంటూరు జిల్లా ప్రత్తిపాడు అవతల, డొంకలో రెండు కిలోమీటర్లు లోపలికి ఉంది. అంతా నల్లరేగడి. వాన పడితే చెప్పులే ఊడి బురదలో ఉండిపోతాయి. నా మారుతి జిప్సీ (1300 సీసీ ఇంజనుది) ఫోర్ వీల్ డ్రైవే, కానీ ఎడమ చక్రాలు గాడిలోకి జారాయంటే ఇక కదిలేది కాదు. ముందొకటి, వెనకొకటి ఒట్టిగా తిరిగేవి. గట్టి నేల మీదున్న కుడి చక్రాలు అలాగే నిలబడేవి. యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల అమరిక, మామూలు డిఫరెన్షియల్, రెండు పక్కలకీ సమానంగానే బలం పంచుతుంది. జారే చక్రం ఎంత తీసుకోగలదో, పట్టున్న చక్రానికీ అంతే అందుతుంది.

2019లో విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి చేత వెనక యాక్సిల్‌కి ఆటో లాకర్ వేయించాను. ఒక చక్రం జారినా రెండోదానికీ బలం అందేలా రెంటినీ కలిపి తిప్పే పరికరం అది. లంచ్‌బాక్స్ లాకర్ అంటారే, ఆ రకం. డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు, అంటే స్టార్ పినియన్లు, సైడ్ గేర్లు తీసేసి ఆ చోట్లో పళ్లున్న ముక్కలు, చిన్న స్ప్రింగులు, పిన్నులు కూర్చుతారు. ఇంజను బలాన్ని యాక్సిల్‌కి అందించే పెద్ద గేర్ల జత, క్రౌన్, పినియన్ పాతవే. విప్పే ముందు మేస్త్రి బేరింగ్ క్యాపుల మీద పంచ్‌తో ఎడమ దానికి ఒక చుక్క, కుడి దానికి రెండు చుక్కలు కొట్టాడు. "ఇవి తారుమారైతే క్రౌన్ కూత పెడుద్దన్నా" అన్నాడు. ఒక స్ప్రింగు జారి ట్రేలోని నైంటీ ఆయిల్లో (గేర్ ఆయిల్లో) పడితే అయస్కాంతం పెట్టి వెతికాం.

బురదలో తేడా మొదటి వానకే తెలిసింది. ఇబ్బందంతా రోడ్డు మీదే. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి లాకర్ దాన్ని వదిలేసి లోపలి చక్రంతోనే బండిని నడిపిస్తుంది. అప్పుడు వెనక నుంచి టక్ టక్‌మని వినపడుతుంది. ఆ చప్పుడుకి నెలలో అలవాటు పడ్డాను. తడి రోడ్డుకి మాత్రం అలవాటు పడలేకపోయాను. కాజ టోల్ దాటాక ఒకసారి వానలో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కేసరికి వెనక భాగం పక్కకి జరిగింది. జిప్సీ ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2.4 మీటర్లు కూడా లేదు, సర్దుకునే వ్యవధి ఉండదు. పక్కన మా ఆవిడ ఉంది. ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇంకోసారి పంక్చరై వెనక ఒక్క టైరే కొత్తది వేశాను. అరిగినదీ కొత్తదీ చుట్టుకొలత కలవక తిన్నటి రోడ్డు మీద కూడా టక్కుటక్కులు మొదలయ్యాయి, బండి ఒక పక్కకి లాగింది. జత మార్చాక ఆగింది. గాలి కూడా రెండు పక్కలా ఒకటే ఉండాలి.

2021లో ముందు యాక్సిల్‌కీ వేయించాను. మరుసటేడు వెనకది తీయించేశాను. నా దృష్టిలో జిప్సీకి సరైన చోటు ముందే. ముందు చక్రాలని యాక్సిల్‌తో కలపడానికీ విడదీయడానికీ ఉండే ఫ్రీ వీల్ హబ్బులు రోడ్డు మీద వదిలేసి ఉంటాయి కాబట్టి లాకర్ ఉందన్న సంగతే తెలియదు. డొంక మొదట్లో దిగి హబ్బులు తిప్పుకుంటే మూడు చక్రాలు ఖాయంగా లాగుతాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది, చేతుల్లోంచి లాక్కుంటుంది. పూర్తిగా తిప్పి ఉంచి గట్టిగా తొక్కితే ముందు యాక్సిల్ జాయింట్ విరిగే ప్రమాదం ఉంది. అందుకే ముందు చక్రాలు తిన్నగా చేసుకున్నాకే తొక్కుతాను.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన మూడో రోజు చేలో నీళ్లు తోడ్డానికి ఆయిల్ ఇంజను తీసుకెళ్లాను. పోయినేడు బండి దిగబడిన గాడిలోనే మళ్లీ దిగింది. గట్టు మీంచి బాబాయి "ట్రాక్టర్ని పిలవనారా?" అని అరిచాడు. నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజ్‌లో, సెకండ్ గేరు వేశాను. ముందు రెండు చక్రాలూ బురద చిమ్ముతూ తిరిగాయి, కుడిది గట్టి నేల అందుకుని బండిని పైకి లాగింది. సాయంత్రానికల్లా ఇంజను చేలో ఆడుతోంది.

వెనక లాకర్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఒక పక్కే జాకీ ఎత్తి, ఇంజను ఆన్‌లో ఉండగా గేరు వేయకండి, ఎవరినీ వేయనివ్వకండి. మామూలు బండిలో గాలిలో ఉన్న చక్రం ఊరికే తిరుగుతుంది. లాకర్ ఉంటే నేల మీదున్న చక్రం కూడా తిరిగి, బండి జాకీ మీంచి దూకుతుంది. పంక్చర్ షాపు కుర్రాడికి ఈ మాట చెప్పాకే నేను తాళాలు ఇచ్చేవాణ్ణి.